ఎన్‌హెచ్‌ఎల్ గుమ్మం దాకా వచ్చి ఆగిన హాకీ ఆటగాడు: అమెరికాలోనే ఉండాలా, యూరప్ వెళ్లాలా?

మేం ఉండేది పెన్సిల్వేనియాలో మెకానిక్స్‌బర్గ్ దగ్గర. కారులో అరగంట వెళ్తే హెర్షీ వస్తుంది. ఆ ఊరి ఐస్ హాకీ జట్టు హెర్షీ బేర్స్ 1938 నుంచి ఏహెచ్‌ఎల్ అనే రెండో మెట్టు ప్రొఫెషనల్ లీగ్‌లో ఆడుతోంది. ఆ లీగ్ విజేతకు ఇచ్చే కాల్డర్ కప్‌ను 13 సార్లు గెలిచింది. శనివారం రాత్రి జయంట్ సెంటర్‌లో మ్యాచ్‌కు వెళ్తే ఆ పదివేల మంది జనంలో మన తెలుగు కుటుంబాలూ కనిపిస్తాయి. పిల్లలు స్టిక్ పట్టుకున్నాక పెద్దవాళ్లకూ ఈ ఆట అంటుకుంటుంది.

కొన్నాళ్లు చూశాక ప్రతి తండ్రికీ తల్లికీ ఒకే అనుమానం వస్తుంది. ఇంత బాగా ఆడుతున్న ఈ కుర్రాళ్లు టీవీలో కనిపించే అన్నిటికన్నా పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఎందుకు లేరు? అక్కడికి చేరకపోతే వీళ్ల బతుకుతెరువు ఏమిటి? మా అబ్బాయికి స్కేటింగ్ నేర్పిన కోచ్ ఇలాంటి ఆటగాడే. మూడు లీగుల్లో, రెండు ఖండాల్లో ఆడి రిటైరయ్యారు. ఆయన చెప్పినవీ, ఇన్నేళ్లుగా నేను చదివి తెలుసుకున్నవీ కలిపి ఇది రాస్తున్నాను. అమెరికా, కెనడాల్లో తెల్లవారుజామున ఐదింటికి పిల్లల్ని రింక్‌కు తీసుకెళ్లే తెలుగు తల్లిదండ్రులకు ఇది ఏదో ఒకరోజు పనికొస్తుందని నా నమ్మకం.

ఇంగ్లిష్‌లో ఇలాంటివాళ్లను జర్నీమ్యాన్ అంటారు. స్టార్ కాదు, అలాగని ఆట రానివాడూ కాదు. ఏ జట్టు పిలిస్తే ఆ ఊరికి బిచాణా ఎత్తేసి వెళ్లి, అప్పగించిన పని నిజాయతీగా చేసి, పిలుపు ఆగగానే ఇంకో ఊరు చూసుకునేవాడు. మన క్రికెట్‌లో అంబటి రాయుడు హైదరాబాద్, ఆంధ్ర, బరోడా, విదర్భ జట్లకు ఆడాడు. హనుమ విహారి హైదరాబాద్, ఆంధ్రల మధ్య తిరిగి చివరికి త్రిపురకు వెళ్లాడు. అలాంటి ప్రయాణమే, కాకపోతే ఇక్కడ దేశాలు మారతాయి, భాషలు మారతాయి, ఒక్కోసారి రాత్రికి రాత్రే మారతాయి.

ఈ తిరుగుడులో రికార్డు మైక్ సిలింజర్‌ది. కెనడాలోని రెజీనా కుర్రాడు. 1989 డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్‌హెచ్‌ఎల్ జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునే చోట, 11వ ఆటగాడిగా డెట్రాయిట్ తీసుకుంది. ఆ తర్వాత 12 ఎన్‌హెచ్‌ఎల్ జట్లకు ఆడాడు. 1,049 మ్యాచ్‌లు, 240 గోల్స్. జట్లు అతన్ని తొమ్మిదిసార్లు ట్రేడ్ చేశాయి, అంటే అతని ఇష్టంతో పని లేకుండా వేరే ఊరికి పంపాయి. కొలంబస్‌లో ఆడుతున్నప్పుడు 2003లో అక్కడే కొడుకు కోల్ పుట్టాడు. రెండు నెలలకే సిలింజర్ ఫీనిక్స్‌కు ట్రేడ్ అయ్యాడు. పద్దెనిమిదేళ్ల తర్వాత, 2021 డ్రాఫ్ట్‌లో ఆ కోల్‌ను తీసుకున్నది కొలంబస్ జట్టే.

సిలింజర్ లాంటివాళ్లు జర్నీమెన్‌లో అదృష్టవంతులు, ఎందుకంటే తిరిగినదంతా ఎన్‌హెచ్‌ఎల్ లోపలే. నేను మాట్లాడేది ఆ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయినవాళ్ల గురించి. వయసు పాతికకు అటూ ఇటూ, మొదటి ఒప్పందం అయిపోయింది, ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడింది పది మ్యాచ్‌లో, అసలేమీ లేదో. ఇప్పుడేం చేయాలి?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. లీగ్ పేరు చూసి ఎంచుకోవద్దు. ఇప్పటిదాకా ఎన్ని మ్యాచ్‌లు ఆడాడో లెక్కపెట్టి ఎంచుకోవాలి. 260 మ్యాచ్‌లు దాటే దాకా ఏహెచ్‌ఎల్‌ను వదలకూడదు. దాటాక, ఆ జట్టులో మొదటి వరుస ఆటగాడు కాకపోతే, యూరప్ విమానం ఎక్కడమే మంచిది.

260 అనే అంకె ఎక్కడిది?

చాలామంది తల్లిదండ్రులకు తెలియనిది, ఆటగాడి జీవితాన్ని అన్నిటికన్నా ఎక్కువ శాసించేది ఈ నిబంధనే. ఏహెచ్‌ఎల్ అంటే ఎన్‌హెచ్‌ఎల్‌కు నేరుగా కింది మెట్టు. రెండింట్లోనూ 32 జట్లే. ప్రతి ఎన్‌హెచ్‌ఎల్ జట్టుకూ ఒక ఏహెచ్‌ఎల్ జట్టు ఉంటుంది, అక్కడ కుర్రాళ్లను తయారుచేస్తారు. ఈరోజు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడేవాళ్లలో పదింట తొమ్మిదిమంది ఒకప్పుడు ఏహెచ్‌ఎల్‌లో ఆడినవాళ్లే.

తయారుచేయడమే దాని పని కాబట్టి పాతవాళ్లతో నిండిపోకుండా ఒక కట్టడి పెట్టారు. మ్యాచ్‌కు గోలీలు, అంటే గోల్‌కీపర్లు కాక 18 మంది బరిలోకి దిగుతారు. వాళ్లలో కనీసం 13 మంది కొత్తవాళ్లు అయి ఉండాలి. ఆ 13 మందిలో 12 మంది 260 లేదా అంతకంటే తక్కువ ప్రొఫెషనల్ మ్యాచ్‌లు ఆడినవాళ్లు, మిగిలిన ఒక్కడు 320 దాటనివాడు. ఎన్‌హెచ్‌ఎల్, ఏహెచ్‌ఎల్, యూరప్‌లోని పెద్ద లీగులు, అన్నిటి మ్యాచ్‌లూ ఈ లెక్కలోకి వస్తాయి. అంటే నిజమైన సీనియర్‌లకు మిగిలేవి ఐదు కుర్చీలు.

సీజన్‌కు 72 మ్యాచ్‌లు. గాయాలు లేకుండా ఆడితే నాలుగో సీజన్ ముగియక ముందే 260 దాటేస్తారు. అప్పటికి కుర్రాడి వయసు 24, 25 ఉండొచ్చు. మన ఇళ్లలో ఆ వయసుకు మాస్టర్స్ అయ్యి మొదటి ఉద్యోగంలో చేరతారు. ఇక్కడ మాత్రం అతను సీనియర్ అయిపోయాడు, సీటు కోసం ముప్ఫై ఏళ్ల కెప్టెన్‌లతో పోటీ పడాలి. నిన్నటిదాకా బాగా ఆడుతున్నాడని మెచ్చుకున్న కోచ్ ఈ ఏడాది అతన్ని స్టాండ్స్‌లో కూర్చోబెడితే ఆటలో తేడా ఏమీ ఉండకపోవచ్చు. లెక్క మారింది, అంతే. గోలీలకు ఈ నిబంధన వర్తించదు. అందుకే గోలీలు ముప్ఫై దాటాక కూడా ఏహెచ్‌ఎల్‌లో ఉండగలరు. మైకేల్ లైటన్ అనే గోలీ 2010లో ఫిలడెల్ఫియాతో ఎన్‌హెచ్‌ఎల్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్ ఫైనల్ దాకా వెళ్లి వచ్చాడు. మళ్లీ ఏహెచ్‌ఎల్‌లో ఏళ్ల తరబడి ఆడి, గోల్ ఇవ్వని మ్యాచ్‌ల్లో 50తో ఆ లీగ్ రికార్డు సాధించాడు. మీ పిల్లవాడు గోలీ అయితే కింద నేను చెప్పే సలహాలో సగం మార్చుకుని చదవండి.

టూవే ఒప్పందం: ఆశకు ధర కట్టిన కాగితం

ఏహెచ్‌ఎల్‌లో ఆడే ఇద్దరు పక్కపక్కన కూర్చున్నా వాళ్ల కాగితాలు వేరువేరుగా ఉంటాయి. ఒకడిది ఎన్‌హెచ్‌ఎల్ జట్టుతో టూవే ఒప్పందం. పైన ఆడిన రోజులకు ఒక జీతం, కింద ఆడిన రోజులకు ఒక జీతం. రెండోవాడిది ఏహెచ్‌ఎల్ జట్టుతో మాత్రమే ఒప్పందం. ఇతన్ని పైకి పిలవాలంటే ముందు ఎన్‌హెచ్‌ఎల్ జట్టు కొత్తగా సంతకం పెట్టించుకోవాలి. ఒక్కో జట్టుకు 50 ఒప్పందాలకు మించకూడదు కాబట్టి ఆ సంతకం అంత తేలిగ్గా దొరకదు.

డబ్బు తేడా చూడండి. 2025-26లో ఎన్‌హెచ్‌ఎల్ కనీస జీతం ఏడాదికి 7,75,000 డాలర్లు, అంటే ఆరున్నర కోట్ల రూపాయల పైమాటే. 2026-27 నుంచి అది 8,50,000 డాలర్లు. దాన్ని సీజన్ రోజులకు పంచితే 2025-26 లెక్కలో రోజుకు నాలుగు వేల డాలర్లు పడుతుంది. ఏహెచ్‌ఎల్ కనీస జీతం సీజన్ మొత్తానికి 50 వేల డాలర్ల పైచిలుకు. అంటే పైవాళ్లలో ఎవరికో మోకాలు దెబ్బతిని, ఇతన్ని రెండు వారాలు పిలిస్తే చాలు, కింద ఏడాదంతా సంపాదించేది ఆ రెండు వారాల్లో వచ్చేస్తుంది.

ఈ లెక్క తెలిశాక ఆ కుర్రాళ్లు ఎందుకు అంత మొండిగా వేచి ఉంటారో నాకు అర్థమైంది. దాన్ని పిచ్చి ఆశ అనలేం. ఫోన్ ఒక్కసారి మోగితే చాలు, ఇంటి అప్పులో పెద్ద ముక్క తీరిపోతుంది. అందుకే 25 ఏళ్లలోపు ఆటగాడికి టూవే ఒప్పందం వస్తే, కింది జీతం తక్కువైనా సరే, తీసుకోమనే చెప్తాను.

కానీ సంతకానికి ముందు మూడు సంగతులు కనుక్కోవాలి. ఆ జట్టులో ఇతని స్థానంలో ఎంతమంది ఉన్నారు? వాళ్లలో ఎంతమంది మొదటి రౌండ్ డ్రాఫ్ట్ కుర్రాళ్లు? వాళ్ల మీద పెట్టుబడి ఉంటుంది కాబట్టి పిలుపు ముందు వాళ్లకే వెళ్తుంది. మూడోది, కింద ఆడే రోజులకు జీతం ఎంత, అందులో ఎంత ఖాయం. పైన ఎంత రాశారో దాన్ని చూసి మురిసిపోకూడదు. పిలుపే రాకపోతే ఆ అంకె కాగితం మీదే ఉండిపోతుంది.

ఇక వైవర్స్. కొంత అనుభవం వచ్చాక ఆటగాడిని పైనుంచి కిందికి పంపాలంటే ముందు మిగతా జట్లన్నిటికీ అవకాశం ఇవ్వాలి. ఎవరైనా తీసుకుంటే మర్నాడే అతను వేరే ఊళ్లో ఉండాలి. భార్యకు ఉద్యోగం, పిల్లలకు స్కూలు ఉన్న ఇంట్లో ఆ ఫోన్ కాల్ తెచ్చే టెన్షన్ ఎలా ఉంటుందో, వీసా మీద వచ్చి ప్రాజెక్ట్ ముగిసిందని ఒక్క మెయిల్‌తో రాష్ట్రం మారిన మన తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నేనూ ఆరేళ్లలో నాలుగు ఊళ్లు మారాను. ఆ కోచ్ తన ట్రేడ్‌ల గురించి చెప్తుంటే అట్టపెట్టెల వాసన గుర్తొచ్చింది.

ఏహెచ్‌ఎల్ ఒప్పందం మాత్రమే వస్తే? 260 లోపు ఉన్నవాళ్లకు మంచిదే. దాటినవాళ్లకు, ఆ ఐదు కుర్చీల్లో ఒకటి తనదే అని నమ్మకం ఉంటేనే. ఆ నమ్మకానికి కీత్ ఆకోయిన్ మంచి ఉదాహరణ. చిన్న కాలేజీలో చదివి, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని పొట్టి కుర్రాడు. 2009-10లో మా హెర్షీ తరఫున 72 మ్యాచ్‌ల్లో 106 పాయింట్లు (గోల్స్, గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి) చేసి లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 2009లో, 2010లో వరుసగా కాల్డర్ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. అంత చేసినా ఎన్‌హెచ్‌ఎల్‌లో మొత్తం 145 మ్యాచ్‌లే దక్కాయి. ఆ తర్వాత యూరప్ వెళ్లి జర్మనీలో మ్యూనిక్ జట్టుతో ఛాంపియన్ అయ్యాడు. ఇక్కడి జనం ఇప్పటికీ అతని పేరు ప్రేమగా తలుచుకుంటారు. ఏహెచ్‌ఎల్‌లో గౌరవంగా బతికినవాడంటే నాకు మొదట గుర్తొచ్చేది అతనే. కానీ ఏడాదికి 106 పాయింట్లు చేసేవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఈసీహెచ్‌ఎల్: ఎన్నాళ్లో ముందే గీత గీసుకుని వెళ్లాలి

ఇంకో మెట్టు కింద ఈసీహెచ్‌ఎల్ ఉంది. 1988లో మొదలైంది. ఇక్కడ జీతం వారానికి ఇంత అని ఇస్తారు, అదీ సీజన్ నడిచే నెలల్లోనే. కొత్తవాడికి వారానికి కొన్ని వందల డాలర్లు. ఉండటానికి అపార్ట్‌మెంట్ జట్టే ఇస్తుంది, సాధారణంగా ఇద్దరు ముగ్గురికి కలిపి. శుక్ర, శని, ఆదివారాలు వరుసగా మూడు మ్యాచ్‌లు, మధ్యలో రాత్రంతా బస్సు. వేసవిలో ఇంటికి వెళ్లి హాకీ క్యాంపుల్లో నేర్పడమో, ఇంకో పని చేయడమో తప్పదు.

ఇక్కడినుంచి పైకి వెళ్లినవాళ్లు లేరా అంటే ఉన్నారు. 700 మందికి పైగా ఇక్కడ ఆడి ఎన్‌హెచ్‌ఎల్ మంచు మీద కాలు పెట్టారు. అలెక్స్ బరోస్‌ను డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. గ్రీన్‌విల్, కొలంబియా జట్లతో ఈసీహెచ్‌ఎల్‌లో ఆడి, ఏహెచ్‌ఎల్ మీదుగా వాంకూవర్ చేరి, ఎన్‌హెచ్‌ఎల్‌లో 913 మ్యాచ్‌లు ఆడాడు. 2019లో సెయింట్ లూయిస్‌కు స్టాన్లీ కప్ తెచ్చిన గోలీ జోర్డన్ బినింగ్టన్ కూడా కలమజూలో ఈసీహెచ్‌ఎల్ ఆడినవాడే. ఏహెచ్‌ఎల్‌లో గాయాలైతే ఈసీహెచ్‌ఎల్ నుంచి 25 మ్యాచ్‌ల ట్రయౌట్ (ఆడించి చూసే తాత్కాలిక ఒప్పందం) మీద పిలుస్తారు. చాలామందికి తలుపు తెరుచుకునేది అక్కడే.

నా సలహా రెండు సీజన్లు. రెండు సీజన్లలో ఏహెచ్‌ఎల్ నుంచి ఒక్క పిలుపైనా రాకపోతే మూడో ఏడాది అదే ఊరికి వెళ్లొద్దు. గోలీలకు ఇంకో ఏడాది ఇవ్వొచ్చు, వాళ్లు ఆలస్యంగా పండుతారు. ఇక్కడా జట్టులో సీనియర్‌లు నలుగురికి మించకూడదన్న నిబంధన ఉంది. కాబట్టి ఏ మెట్టు మీద కూర్చున్నా వయసు వెనకాలే వస్తుంది.

యూరప్ వెళ్తే ఏం మారుతుంది

ఉత్తర అమెరికాలో పెరిగిన కుర్రాళ్లకు యూరప్ అంటే ఓడిపోయి వెళ్లే చోటు అన్న భావన ఇంకా పోలేదు. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. మంచి ఏళ్లు నాలుగు దానికి బలైపోతాయి.

క్రిస్ లీ సంగతి చూడండి. కెనడాలో ఒంటారియోలోని మెక్‌టియర్ అనే చిన్న ఊరు. అమెరికాలో మూడో శ్రేణి కాలేజీ హాకీ ఆడాడు. డ్రాఫ్ట్ కాలేదు. ఈసీహెచ్‌ఎల్, ఏహెచ్‌ఎల్ తిరిగాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. జర్మనీ వెళ్లాడు, అక్కడినుంచి 2013లో రష్యాలోని మాగ్నిటోగోర్స్క్ జట్టుకు. 2014లో, 2016లో రష్యా లీగ్ కేహెచ్‌ఎల్ విజేతకు ఇచ్చే గగారిన్ కప్ గెలిచాడు. 2017లో కెనడా ప్రపంచ ఛాంపియన్‌షిప్ జట్టులో ఎన్‌హెచ్‌ఎల్ తారల పక్కన ఆడి రజతం అందుకున్నాడు. 2018 ఒలింపిక్స్‌కు ఎన్‌హెచ్‌ఎల్ తన ఆటగాళ్లను పంపలేదు. అప్పుడు కెనడా జట్టు నిండా యూరప్‌లో తిరుగుతున్న జర్నీమెన్‌లే. క్రిస్ లీ కూడా వెళ్లాడు, కాంస్య పతకం తెచ్చుకున్నాడు. మెక్‌టియర్‌లోనో, ఏహెచ్‌ఎల్ స్టాండ్స్‌లోనో కూర్చుని ఫోన్ కోసం ఎదురుచూసి ఉంటే ఇందులో ఏదీ జరిగేది కాదు.

రోజువారీ జీవితం కూడా వేరు. యూరప్ క్లబ్‌లు చాలావరకు అపార్ట్‌మెంట్, కారు, విమాన టికెట్లు ఇస్తాయి. జీతం పన్నులు పోగా చేతికి వచ్చే మొత్తంగా మాట్లాడతారు. అందుకే అమెరికా అంకెతో నేరుగా పోల్చకూడదు. అమెరికాలో పన్ను, అద్దె, కారు, బీమా తీసేశాక మిగిలేదెంతో లెక్కగట్టి అప్పుడు పక్కపక్కన పెట్టండి. జర్మనీ అగ్ర లీగ్ డీఈఎల్‌లో 14 జట్లు, 52 మ్యాచ్‌లు, ఎక్కువగా శుక్రవారం, ఆదివారం. దూరాలు తక్కువ, రాత్రికి ఇంటికి చేరొచ్చు. సీజన్ మొదట్లో చేరిన ఇంట్లోనే చివరిదాకా ఉంటారు. పెళ్లయినవాడికి ఈ ఒక్కటి చాలు.

మంచు కూడా వేరే. ఉత్తర అమెరికా రింక్ వెడల్పు 26 మీటర్లు. యూరప్‌లో చాలాచోట్ల 28 నుంచి 30. గుద్దుకుని బతికే డిఫెన్స్‌మన్‌కు ఆ అదనపు మీటర్లు శాపం, వేగంగా స్కేట్ చేసి పక్‌ను (ఆటలో వాడే రబ్బరు బిళ్లను) దగ్గర పెట్టుకోగలిగినవాడికి వరం. పిల్లవాడి ఆట ఏ రకమో నిజాయతీగా చూసుకోవాలి.

ఇప్పుడు కష్టాలు. యూరప్‌లో మీవాడు విదేశీ ఆటగాడు. డీఈఎల్‌లో మ్యాచ్‌కు తొమ్మిదిమంది విదేశీయులకే చోటు, స్విట్జర్లాండ్‌లో ఆరుగురికే. ఆ ఆరుగురూ గోల్స్ చేయాలి. రెండు నెలలు గోల్ పడకపోతే స్థానిక కుర్రాడిలా ఓపిక పట్టరు, ఇంకొకర్ని తెచ్చుకుంటారు. ఒప్పందం ఉన్నా మధ్యలో తెంచుకునే నిబంధన ఉందేమో చూడాలి. జర్మనీలో కింది లీగ్‌కు దిగిపోవడం కూడా ఉంది. ఎనిమిదిసార్లు ఛాంపియన్ అయిన డ్యూసెల్‌డార్ఫ్ 2025లో డీఈఎల్ నుంచి కిందికి జారింది. జట్టు జారితే ఈ ఒప్పందం చెల్లుతుందా అని అడగడం మర్చిపోవద్దు.

పాస్‌పోర్ట్ ఇక్కడ బంగారం. జర్మన్ తాతో, ఇటాలియన్ నాయనమ్మో ఉన్న కెనడా కుర్రాళ్లు ఆ కాగితాలు వెతికి పౌరసత్వం తెచ్చుకుంటారు. అప్పుడు వాళ్లు విదేశీ కోటాలో పడరు, అవకాశాలు ఒక్కసారిగా పెరుగుతాయి. మన పిల్లలకు ఆ దారి ఉండదు. కాబట్టి వాళ్లు యూరప్ వెళ్లాలంటే విదేశీ సీటు తెచ్చుకునేంత గోల్స్ ఏహెచ్‌ఎల్‌లో చేసి చూపించాకే వెళ్లాలి. 260 దాకా ఏహెచ్‌ఎల్ వదలొద్దని నేను గట్టిగా చెప్పడానికి ఇదొక కారణం.

దేశాల్లో ఏది అంటే, డబ్బుకు స్విట్జర్లాండ్, కానీ అక్కడ తలుపు ఇరుకు. ఆట పదును పెట్టుకుని మళ్లీ ఎన్‌హెచ్‌ఎల్ ప్రయత్నం చేయాలంటే స్వీడన్. కుటుంబంతో స్థిరంగా ఉండాలంటే జర్మనీ. నన్నడిగితే పాతికేళ్లు దాటి పెళ్లయిన ఆటగాడికి మొదట జర్మనీయే చూడమంటాను.

రష్యా కేహెచ్‌ఎల్ ఒకప్పుడు ఎన్‌హెచ్‌ఎల్ తర్వాత ఎక్కువ డబ్బిచ్చే చోటు. 2022 ఫిబ్రవరి తర్వాత హెల్సింకి, రీగా జట్లు ఆ లీగ్ వదిలేశాయి. అమెరికా ప్రభుత్వం తన పౌరులను రష్యా వెళ్లొద్దని హెచ్చరిస్తోంది. కొందరు ఇప్పటికీ వెళ్తున్నారు. నా పిల్లవాడైతే పంపను.

బ్రిటన్, కొరియా: చిన్న లీగులు, వేరే లాభాలు

బ్రిటన్ ఎలీట్ లీగ్‌లో పది జట్లు. జీతం తక్కువ, కానీ చాలా క్లబ్‌లు యూనివర్సిటీతో కలిసి మాస్టర్స్ చదివే ఏర్పాటు చేస్తాయి. మధ్యాహ్నం క్లాసు, వారాంతం మ్యాచ్. హాకీ చివరికొచ్చిందని తెలిసిన 27, 28 ఏళ్ల ఆటగాడికి ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు. మన ఇళ్లలో చదువు విలువ తెలుసు కాబట్టి ఇది మనవాళ్లకు ఇట్టే నచ్చుతుంది కూడా.

ఆ దారిలో వెళ్లినవాడే ఆడమ్ జాన్సన్. మినసోటాలోని హిబింగ్‌లో పుట్టి, పిట్స్‌బర్గ్‌కు 13 ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు ఆడి, స్వీడన్, జర్మనీ తిరిగి, చదువుకుంటూ నాటింగ్‌హామ్‌కు ఆడుతున్నాడు. 2023 అక్టోబర్ 28న షెఫీల్డ్‌లో మ్యాచ్‌లో స్కేట్ బ్లేడ్ మెడకు తగిలి చనిపోయాడు. 29 ఏళ్లు. ఆ తర్వాత 2024 జనవరి నుంచి ఆ లీగ్‌లో మెడ కవచం తప్పనిసరి చేశారు. మీ పిల్లవాడు ఏ లీగ్‌లో ఆడినా, అక్కడ నిబంధన ఉన్నా లేకపోయినా, అది పెట్టుకోకుండా మంచు మీదికి పంపొద్దు. ఇందులో పోలికలూ ఎంపికలూ ఏమీ లేవు.

కొరియా, జపాన్ జట్లు ఆడే ఆసియా లీగ్ సంగతి ఒక్క మనిషితో చెప్తాను. మాట్ డాల్టన్ కెనడా గోలీ. బోస్టన్ బెంచ్ మీద రెండో గోలీగా కూర్చున్నాడు కానీ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క నిమిషం ఆడలేదు. రష్యాలో ఆడి 2014లో కొరియాలోని అన్యాంగ్ జట్టుకు వెళ్లాడు. 2016లో కొరియా పౌరుడయ్యాడు. 2017లో ఆ దేశం మొదటిసారి ప్రపంచ అగ్రశ్రేణికి చేరింది. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో కొరియా గోల్ ముందు నిలబడ్డది అతనే. ఇలా కొరియా జెర్సీ వేసుకున్న విదేశీయులు ఇంకా ఉన్నారు. ఎక్కువకాలం ఒకేచోట ఉండే మనసున్నవాడికి ఇది మంచి జీవితం. రెండేళ్లు ఆడి తిరిగొచ్చేద్దాం అనుకునేవాడికి మాత్రం వద్దు, ఆ రెండేళ్లు ఉత్తర అమెరికా జట్లు అతన్ని చూడవు.

మన పిల్లల మాట

భారతీయ మూలాలున్న మొదటి ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడు రాబిన్ బావా, బ్రిటిష్ కొలంబియాలోని డంకన్‌లో పెరిగిన పంజాబీ. 1989-90లో వాషింగ్టన్‌తో మొదలుపెట్టి వాంకూవర్, శాన్ హోసే, అనహైమ్ తిరిగాడు. మొత్తం 61 మ్యాచ్‌లు. అతనూ జర్నీమ్యానే. తర్వాత మానీ మల్హోత్రా, జుజార్ ఖైరా లాంటివాళ్లు వచ్చారు. తెలుగింటి పిల్లవాడు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడటం నేను బతికుండగా చూడాలని ఉంది.

దానికి ముందు ఒక మంచి వార్త. కెనడా జూనియర్ లీగుల్లో ఆడితే అమెరికా కాలేజీ హాకీకి అర్హత పోతుందన్న పాత నిబంధనను 2025 ఆగస్టు నుంచి ఎత్తేశారు. పదహారేళ్లకే చదువా, జూనియర్ లీగా అని తేల్చుకునే పని తప్పింది. జూనియర్ లీగులో ఆడిన సీజన్లకు చదువు ఖర్చు కూడా వస్తుంది. కానీ ప్రొఫెషనల్ ఒప్పందం మీద సంతకం పెడితే అది ఎప్పుడు, ఎలా పోతుందో లీగ్‌ను రాతపూర్వకంగా అడగండి. కాలేజీ డిగ్రీ చేతిలో ఉన్న కుర్రాడు 22, 23 ఏళ్లకు ఈసీహెచ్‌ఎల్ వారపు జీతం చూసి కంగారు పడడు. డిగ్రీ లేనివాడు పడతాడు, ఏ ఒప్పందం దొరికితే దాని మీద సంతకం పెడతాడు.

ఎప్పుడు తేల్చుకోవాలి

నిజమైన చిక్కు క్యాలెండర్‌లో ఉంది. యూరప్ క్లబ్‌లు ఏప్రిల్, మే, జూన్ నెలల్లోనే విదేశీ సీట్లు నింపుకుంటాయి. ఎన్‌హెచ్‌ఎల్ ఫ్రీ ఏజెన్సీ, అంటే ఒప్పందం అయిపోయిన ఆటగాళ్లతో ఏ జట్టైనా సంతకం పెట్టించుకునే కాలం, తెరుచుకునేది జులై 1న. మేలో జర్మనీ నుంచి వచ్చిన మంచి ఒప్పందానికి వారంలో జవాబు చెప్పాలి, టూవే వస్తుందో రాదో తెలియడానికి ఇంకా ఆరు వారాలుంది. వేచి చూసి రెండూ పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. సెప్టెంబర్‌లో ట్రయౌట్ క్యాంపుకు వెళ్లి, అక్టోబర్‌లో ఈసీహెచ్‌ఎల్ బస్సెక్కేది వాళ్లే.

దీనికి మా కోచ్ చెప్పిన పద్ధతి నాకు సరిగ్గా అనిపించింది. సీజన్ ముగిసిన వారంలో ఆటగాడు కోచ్‌ను, జనరల్ మేనేజర్‌ను కలిసి వచ్చే ఏడాది నా స్థానం ఏమిటని సూటిగా అడగాలి. నీతో ఒప్పందం చేసుకుంటాం అని స్పష్టంగా చెప్తే జులై దాకా ఆగొచ్చు. చూద్దాం, మాట్లాడదాం అంటే, 260 దాటినవాడు మే నెలలోనే యూరప్‌కు సంతకం పెట్టాలి. పెట్టేటప్పుడు, ఎన్‌హెచ్‌ఎల్ ఒప్పందం వస్తే ఫలానా తేదీలోపు వెళ్లిపోవచ్చన్న నిబంధన రాయించుకోవాలి. చాలా క్లబ్‌లు దానికి ఒప్పుకుంటాయి. ఆ తేదీ జులై మొదటి వారం తర్వాత ఉండేలా చూసుకోవడం ఏజెంట్ పని. యూరప్‌లో సీజన్ మొదలయ్యాక మధ్యలో ఎన్‌హెచ్‌ఎల్‌కు రావాలంటే వైవర్స్ దాటాలి, వేరే జట్టు ఎగరేసుకుపోవచ్చు, కాబట్టి ఆ దారి మీద లెక్కలు వేసుకోవద్దు.

మా కోచ్ తనకు 27 ఏళ్లప్పుడు ఇలా అడగలేదు. జులై దాకా ఆగారు. ఫోన్ రాలేదు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో అడిగారు, మేలో సంతకం పెట్టారు, ఆగస్టులో భార్యతో, ఎనిమిది నెలల పాపతో జర్మనీ విమానం ఎక్కారు.